యమున ఒడ్డున కడలి వాన

మే నెలలో ఢిల్లీ ప్రజలు వానకోసం ఎదురుచూడరు. వడగాడ్పులకు, ‘ఆంధీ’ అని పిలిచే దుమ్ముగాలికి సిద్ధపడి ఉంటారు. తుఫాను అనేది కోస్తావారి కష్టమని వారి నమ్మకం. 2021వ సంవత్సరం ఆ నమ్మకాన్ని సడలించింది.

ఆ ఏడు మే 14న అరేబియా సముద్రంలో వాయుగుండంగా పుట్టి, ‘తౌక్టే’ తుఫానుగా పెరిగిన ఉపద్రవం 17వ తేదీ రాత్రి గుజరాత్‌లో డయ్యూ సమీపాన తీరం దాటింది. తుఫానుకు వెచ్చని సముద్రజలమే ఆహారం. నేలమీద అది దొరకదు. కనుక రెండు రోజులలోనే తౌక్టే రాజస్థాన్‌పై ఒక అల్పపీడనంగా క్షీణించింది.

అయితే గాలి బలం ఉడిగినా, అది మోసుకొచ్చిన తేమ మిగిలే ఉంది. మధ్యధరా ప్రాంతంనుండి వచ్చే పడమటి గాలుల ద్రోణి దానికి తోడయింది. 20వ తేదీ ఉదయానికి 24 గంటలలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 119.3 మిల్లీమీటర్ల వాన నమోదయింది. అంతకు ముందు మే నెల రికార్డు 1976 నాటి 60 మిల్లీమీటర్లు మాత్రమే. 19వ తేదీన పగటి ఉష్ణోగ్రత 23.8 డిగ్రీలు దాటలేదు.

యమునకు తూర్పున ఉన్న మయూర్ విహార్‌లో నేల రెండు విధాలు. కట్టకు ఇవతల మేడలు, తారురోడ్లు, మలయాళీలు కొలిచే ఉత్తర గురువాయూరప్పన్ ఆలయం. తౌక్టే తొలుత వణికించింది వారి కేరళ తీరాన్నే. ఇక్కడ సిమెంటు నేల నీటిని తాగదు. అది మురుగుకాలువ దారి పడుతుంది. కట్టకు అవతల ‘ఖాదర్’ అనే నదీమైదానం. అక్కడి ఇసుక కలిసిన ఒండ్రునేల వానను పీల్చుకొని భూగర్భంలో దాచుకుంటుంది. నగరానికి కూరగాయలు పండించే రైతుల గుడిసెలు కూడా అక్కడే ఉన్నాయి. నీరు నిలిస్తే మొదట కుళ్ళేది వారి పాదులే.

తౌక్టే వాన ఒక రోజు ముచ్చటగా ముగిసింది. 2023 జూలైలో ఎగువ వర్షాలకు పొంగిన యమున మాత్రం అలా పోలేదు. 13వ తేదీన పాత రైలు వంతెనవద్ద నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును మించింది. ఖాదర్ కుటుంబాలు మయూర్ విహార్ రోడ్ల పక్కన గుడారాలలో తలదాచుకున్నాయి.

సముద్రం ఇక్కడికి సుమారు వేయి కిలోమీటర్లు. కానీ నీటి ముప్పును కొలవవలసింది తీరంనుండి దూరంతో కాదు, మనిషి నిలిచిన నేల ఎత్తుతో.