ఆగిన ప్రతిచోటా ప్రయాణమే

గల్ఫ్ కుటుంబాలకు ప్రయాణమంటే రెండే ఘట్టాలు: రాక, పోక. విమానాశ్రయానికి ఎదురువెళ్లడం, నలభై రోజుల తర్వాత అక్కడికే వెళ్లి సాగనంపడం. నడుమనున్న దారికి మా లెక్కలో చోటుండదు. జగిత్యాల ప్రాంతంలో ఈ లెక్క తెలియని ఊరు అరుదు. మా సారంగాపూర్ అందుకు మినహాయింపు కాదు. అందుకే కిందటిసారి మావారి సెలవులో ఆరు రోజులను కేవలం దారి కోసమే కేటాయించుకున్నాము.

కోరిక మా అత్తగారిది. కొడుకు పదేళ్లకు పైగా దాటుతున్న సముద్రాన్ని ఆమె ఒక్కసారైనా చూడలేదు. ఆమె ఎరిగిన పెద్ద నీరు ధర్మపురి దగ్గరి గోదావరే. "ఈ నీళ్లు ఎక్కడికి పోయి కలుస్తయో చూపించు బేటా" అన్నారు. ఆ మాటే మా దారిని నిర్ణయించింది. విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరి, అక్కడి నుండి 216వ నంబరు జాతీయ రహదారి వెంట కోనసీమ దాటి కాకినాడకు వెళ్లాలి. గోదావరి పాయలుగా చీలి సముద్రాన్ని చేరే నేల అదే.

నెలను ఎంచుకోవడం మొదటి పని. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఆ తీరానికి తుఫానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. అందుకని జనవరి చివరి వారాన్ని నిశ్చయించాము.

బండి నడపడానికి వచ్చిన మా తమ్ముడు విశాఖపట్నం, అరకు కూడా చూసి రావచ్చునన్నాడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి. గంటన్నరకొకసారి ఆమె దిగి నాలుగడుగులు వేయాలి. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధ. మేము మావారిని ఎన్నుకున్నాము. ఆయన ఇచ్చిన మొదటి ఆదేశం: "అమ్మీ ఆపమన్న చోట బండి ఆగాలి." విశాఖ, అరకు ఆ క్షణమే జాబితా నుండి తొలగిపోయాయి.

స్త్రీలు వుజూ చేసుకునే చోటు, నమాజుకు కాస్త మరుగు ఎక్కడ దొరుకుతాయో ఏ పటమూ చెప్పదు. అందుకని నీళ్ల డబ్బా, జానమాజులు, మడత కుర్చీ వెంట తీసుకున్నాము. రెండు పూటలకు సరిపడా రొట్టెలు, పచ్చడి, సకినాలు కట్టుకున్నాము. నాలుగు రకాతుల నమాజును రెండుగా చేసుకునేందుకు ప్రయాణికునికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు మా వేళలను తేలిక చేసింది.

మొదటి రోజు కరీంనగర్, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ చేరేసరికి చీకటి పడింది. మరునాడు మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరంలో అత్తగారు సముద్రాన్ని చూశారు. నువ్వు దాటేది ఇదేనా అని అడిగారు. ఇది తూర్పు సముద్రమనీ, తాను దాటేది పడమటిదనీ మావారు చెప్పగా ఆమె ముఖం కాస్త చిన్నబోయింది. అప్పుడాయన, గోల్కొండ సుల్తానుల కాలంలో హజ్ యాత్రికులను ఎక్కించుకున్న ఓడలు ఈ రేవు నుండే సింహళాన్ని చుట్టి ఎర్ర సముద్రానికి సాగేవని వివరించారు. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, ఆ నీళ్లతోనే వుజూ చేసుకుని, కుర్చీలో కూర్చుని అస్ర్ నమాజు చేశారు.

మూడవ రోజు పెడనలో ఆగి కలంకారీ అద్దకం చూశాము. చెక్క అచ్చులను రంగులో ముంచి వస్త్రంపై అద్దుతున్న చేతుల వేగానికి పిల్లలు కళ్లార్పలేదు. కలం, కారీ అనే రెండు మాటలూ పారసీకం నుండి వచ్చినవేనని వారికి చెప్పాము. చించినాడ వంతెన వద్ద వశిష్ఠ గోదావరిని చూపించి, "దాదీ, ఇది మన ధర్మపురి నీళ్లే" అన్నాడు మా తొమ్మిదేళ్ల పెద్దవాడు. ఆ రాత్రి అమలాపురంలో బస. మరునాడు ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటి యానాం, ఆపై కోరింగ మడ అడవులు. ఉప్పెన తాకిడిని తగ్గించే ఆ చెట్ల నడుమ చెక్క వంతెన మీద వాడు తండ్రి చేయి పట్టుకుని నడిచాడు.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ దృశ్యమే. ఫోనులో తండ్రికి "ఆఁ", "ఊఁ" తప్ప జవాబివ్వని పిల్లవాడు వాడు. తొలి రెండు రోజులూ బండిలో నా పక్కనుండి కదలలేదు. అత్తగారి మోకాళ్ల కోసం ఆగిన చోటల్లా తండ్రీ కొడుకులకు చేయవలసిన పనేమీ ఉండేది కాదు. పని లేని ఆ అరగంటల్లోనే వారి మాటలు మొదలయ్యాయి. తమ్ముడు చెప్పినట్లు పరుగెత్తి ఉంటే ఇంకో రెండు ఊళ్లు చూసేవాళ్లము. ఆ మాటలు మాత్రం దక్కేవి కావు.

చివరి మజిలీ ఉప్పాడ. అక్కడ కడలి ఏటేటా ఒడ్డును కోసుకుంటూ వస్తోంది. అలల ధాటికి ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకారులెందరో. ఆ ఒడ్డున నిలబడినప్పుడు, కాలం కూడా మన సెలవులను అలాగే కోసుకుపోతుంది కదా అనిపించింది.

సెలవు మీద వచ్చే మనిషి ఉన్న ప్రతి ఇంటికీ నేను చెప్పదలచినది ఒక్కటే. ప్రయాణం వేసుకునేటప్పుడు ఊళ్ల పేర్లు రాసుకోండి. వాటి మధ్య ఏ పనీ లేని గంటలను కూడా రాసుకోండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టి వేగాన్ని నిర్ణయించండి. మావారు తిరిగి వెళ్లిపోయారు. ఇప్పుడు శుక్రవారం ఫోను మోగగానే, నాకన్నా ముందు దాన్ని అందుకునేది మా పెద్దవాడే.