గిజిగాని గూడు

మా పెరటి నూతి ప్రక్కన నొక యీతచెట్టు కలదు. ఏటేట వానలు పడినంతనే గిజిగాళ్లు దాని మట్టలకు గూళ్లు కట్టును. "ఆలుమగలు కలసి యెంత యందముగా నిల్లు కట్టుకొనుచున్నవో చూడుడు" అని మేము పిల్లలకు చెప్పుచుంటిమి. మా పెద్దలు మాకు చెప్పినదియు నిదియే.

ఆ మాట నిజము కాదట. 1930వ సంవత్సరమున పక్షిశాస్త్రజ్ఞులగు సలీం అలీగారు బొంబాయికి సమీపమున సముద్రతీరమందలి కిహీము గ్రామములో నీ పక్షుల కాపురమును ఓపికతో కనిపెట్టి లోకమునకు దెలిపిరి. గూడు కట్టునది మగపక్షి యొక్కటే. వరియాకులను సన్నని పోచలుగా చీల్చి, వందలకొలది మారులు తిరిగి తెచ్చి, గూటిని టోపీవలె సగము వరకు నల్లును. సందు దొరకినచో పొరుగు మగపక్షి గూటి పోచలను దొంగిలించుటయు కలదు. పిమ్మట ఆ సగము గూటికి వ్రేలాడుచు, రెక్కలార్చి ఆడుపక్షులను పిలుచును. అవి వచ్చి లోపల పరీక్షించును. నచ్చనిచో వెడలిపోవును. ఒకదానికి నచ్చినచో మగపక్షి క్రింది గొట్టమును గూడ నల్లి గూడు పూర్తిచేయును. ఆడుపక్షి రెండు మొదలు నాలుగు వరకు గ్రుడ్లు పెట్టి పొదుగుచుండగా, మగపక్షి వేరొక గూడు మొదలిడి వేరొకదానిని పిలుచును! సుమారు 15 దినములు పొదుగునది తల్లియే. పిల్లల నోటికి పురుగుల నందించు పనిలో పెద్దపాలును తల్లిదే.

ఈ సంగతి విని మా పదేండ్ల మనుమరాలు, "అయితే, అమ్మపిట్ట యొక్కతియే పెంచునా, అమ్మమ్మా?" అని యడిగినది. ఆ పిల్ల తల్లియు నేడు ఒంటిగానే బిడ్డను పెంచుచున్నది. వంటయింటిలో మా కుమార్తె చేతిలోని గరిటె నిలిచిపోయినది. మాకు వెంటనే బదులు తోచలేదు. తుదకు, "ఔను తల్లీ, పెంచును. ఆ పిల్లలు చక్కగా నెగురును గూడ" అంటిమి.

నాటినుండి పక్షులను జూపి కాపురపు నీతులు చెప్పుట మానితిమి. గిజిగాడు చేయునది దాని జాతిస్వభావము; అందు తప్పు లేదు. మనుష్యుడు ఆ పనియే చేసినచో, స్వభావమను సాకు చెల్లదు.

సోదరీమణులారా! పిల్లలెగిరిపోయిన గూటిని ఇంటికి దెచ్చి అలంకారముగా వ్రేలాడదీసి, అల్లినవాని నేర్పును అందరును మెచ్చుకొందురు. అందులో రేయింబవళ్లు కూర్చుండి పొదిగిన తల్లిని మెచ్చినవారిని మేమింతవరకు చూడలేదు. ఈ యేడు మా యింట నా మాట కూడ చెప్పుకొనుచున్నాము.