లోయ వైపు కిటికీ

విశాఖలో పొద్దున్నే పరుగున కిరండూల్ పాసింజర్ ఎక్కి, లోయ వైపు కిటికీ సంపాదించాను. ఎస్.కోటలో ఎక్కిన మామ్మ అయిదు నిమిషాల్లో దాన్ని లాగేసుకుంది. "కడుపులో తిప్పుతాది బాబూ, నానటు కూకుంటాను." అరకు టికెట్ కొన్నదే ఆ కిటికీ కోసం. అయినా లేచాను.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి ఇది. మనుషుల ప్రయాణం తరవాతి సంగతి. మధ్యలో మా బండి కూడా ఒక గూడ్సుకు దారిచ్చి, చాలాసేపు ఒదిగి నిలబడింది.

కొత్తవలస, కిరండూల్ మధ్య 58 సొరంగాలు. చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు ఒకటే కేకలు. మామ్మ మాత్రం మాట ఆపదు. ఒక సొరంగంలో ఎత్తుకున్న వియ్యపురాలి సంగతి మూడో సొరంగంలో ముగించింది. కోరాపుట్‌లో కూతురు నీళ్లాడిందట, పురిటికి పుట్టింటికి పంపలేదట. స్టీలు డబ్బాలో సున్నుండలు, సంచిలో జంతికలు. ఆ జంతికలు కూతురిదాకా చేరే సూచనల్లేవు. ఎదుటివాళ్లకీ, పల్లీలమ్మే కుర్రాడికీ, నాకూ పెడుతూనే ఉంది.

నా ఫోనడిగి కూతురికి చేసింది. "బయల్దేరినానే" అంటుండగానే సొరంగమొచ్చి లైను తెగింది.

శిమిలిగుడ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తయినది. చలిగాలికి మామ్మ కొంగు చెవులకు చుట్టుకుని, నా ఇంటి సంగతులు అడగడం మొదలెట్టింది. అన్నయ్యతో రెండేళ్లుగా మాటల్లేవని చెప్పేశాను. స్నేహితులకైనా చెప్పని మాట! ఇంకాసేపట్లో దిగిపోతానన్న ధీమా కాబోలు.

"ఎవుడిది తప్పు?"

"ఇద్దరిదీ."

"సిన్నోడివి కదా, నువ్వే మాటాడీ" అని ఇంకో జంతిక చేతిలో పెట్టింది.

అరకులో దిగాను. బండి కదిలాక ఫోను మోగింది.

"అమ్మకి ఇవ్వండి."

"నేను అరకులో దిగిపోయానమ్మా. మీ అమ్మగారు క్షేమంగా వస్తున్నారు, కిటికీ పక్కనే కూర్చున్నారు."

"జంతికలు మిగిలినాయా?"

"కొన్ని."

పడీపడీ నవ్వింది. వెనకాల పసిబిడ్డ ఏడుపు.

"ఇంతకీ మీరెవరండీ?"

ఆఖరి పెట్టె మలుపు తిరుగుతోంది.

"కిటికీ ఇచ్చినవాణ్ణి" అన్నాను.