మూడంతస్తుల చెరువు

పటాన్‌చెరు. పేరులోనే చెరువుంది. ముంబయి హైవే మీద బస్సు దిగితే మాత్రం ముందు ఎదురయ్యేవి లారీలు, ఆ వెనకే ముక్కు అదిరే మందుల వాసన. 1970ల నుంచి వెలిసిన ఫ్యాక్టరీలు ఇక్కడ వేల ఇళ్లల్లో పొయ్యి వెలిగించాయి. చెరువుల మీద బతికే ఇళ్లల్లో పొయ్యి ఆర్పిందీ వాటి మురుగే.

అక్కణ్నుంచి సంగారెడ్డి దాటి, కల్పగూర్ దగ్గర మంజీర ఒడ్డుకు వెళ్లాను. ఇక్కడి మొసళ్ల అభయారణ్యం చూద్దామని బయల్దేరినవాణ్ని, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర ఆగిపోయాను. పటాన్‌చెరు పక్క ఊరట. చుట్టాలింటికి వచ్చి కూడా చేతులు ఊరుకోవడం లేదు.

"చెరువంటే మూడంతస్తుల ఇల్లు సారూ! పైన బొచ్చె, నడిమిట్ల రవ్వ, అడుగున మృగాల. ఎవని బువ్వ వానిదే. లొల్లే లేదు" అన్నాడు.

ఆయన ఒక్క ముక్కలో చెప్పింది శాస్త్రమే. బొచ్చె నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. రవ్వ నడిమి నీళ్లలో మేస్తుంది. మృగాల అడుగున కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుంటుంది. గడ్డిచేపను కూడా వేస్తే అది నాచూ గడ్డీ నమిలి వేసే పెంటే చెరువుకు ఎరువు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి విందన్నమాట!

ఇదే లెక్క ఇప్పుడు సముద్రానికీ ఎక్కింది. 2007లో విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తేలే పంజరంలో పండుగప్పను పెంచి చూశారు. తర్వాత తమిళనాడు తీరంలో అదే సంస్థ చేపల పంజరాల చుట్టూ వెదురు తెప్పలు కట్టి సముద్రపు నాచు పెంచింది. చేపల విసర్జనతో నీళ్లలో చేరే నత్రజని, భాస్వరం నాచుకు తిండి. ఆల్చిప్పలు కూడా వేలాడదీస్తే మిగిలిన మేత నలుసుల్ని అవి వడగట్టేస్తాయి. చేపలు చేసిన మురికిని పక్కవాళ్లు కడుగుతారు.

కానీ ఫ్యాక్టరీ మురికిని ఏ చేప తింటుంది? ఏ నాచు కడుగుతుంది? పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్! ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి.

"మరి మీరు విత్తనం పోయడం మానేశారా?" అని అడిగాను.

"మానితే ఏం తినాలె సారూ? సర్కారోళ్లు పిల్లలిస్తరు. పోసే ముందుగాల ఒక బిందెల చెరువు నీళ్లు వట్టి, నాలుగు పిల్లల్ని ఏసి రాత్రంత ఉంచుత. పొద్దుగాల లేసి సూస్త."

"ఉంటే?"

"ఉంటే పోస్తం."

లేకపోతే ఏం చేస్తారని నేను అడగలేదు. ఆయన వల దులిపి, ఇంకో చిరుగు వెతుక్కున్నాడు.