పేరు దాచి రుచి చూసే పోటీ

 

ఈసారి మేము రాస్తున్నది ఇంట్లో బీరు తయారు చేసుకునేవాళ్ల పోటీల గురించి. "హాస్టల్ పోరగాండ్లకు బీరు ముచ్చట ఎందుకు?" అని అడిగేటోళ్లు ఉంటరు. అడగాలె కూడా. సేవాలాల్ మహారాజ్ మత్తు జోలికి పోవద్దన్నడు. గుడుంబా మన తండాలల్ల ఎన్ని ఇండ్లను ఆగం చేసిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 21 ఏండ్లు నిండనిదే మద్యం కొనరాదు, మాలో చాలామందికి ఇంకా నిండలేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది తాగమనే పోస్టు కాదు, చేయమనే పోస్టు కాదు. మైక్రోబయాలజీలో ఫర్మెంటేషన్ పాఠం చదువుకుంట చదువుకుంట ఈ పోటీల దాకా పోయినం. అక్కడ మాకు నచ్చింది బీరు కాదు, తీర్పు చెప్పే పద్ధతి.

మా మోర్తాడ్ దిక్కు పసుపు పండుతది. కొనేటాయన కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తడు, వాసన చూస్తడు, రేటు చెప్తడు. ఆ రేటు ఎందుకో కాగితం మీద రాసియ్యడు. మన పరీక్షలు కూడా చాలావరకు అంతే. మార్కు వస్తది, కారణం రాదు. మౌఖిక పరీక్షకు పోతే ముందు పేరు అడుగుతరు, తర్వాత ఊరు. రాథోడ్ అనో నాయక్ అనో చెప్పినంక జవాబు వినే చెవి మారుతదేమో అన్న అనుమానం మనలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటది. ఈ రెండు సమస్యలకు, అంటే పేరు చూసుడు, కారణం చెప్పకపోవుడు, ఈ పోటీలోళ్లు ఒక జవాబు కనిపెట్టిన్రు.

ముందు కొంచెం చరిత్ర. అమెరికాలో 1920లో మద్యనిషేధం మొదలైంది, 1933లో ఎత్తేసిన్రు. ఇంట్లో వైన్ చేసుకునేందుకు అప్పుడు దారి దొరికింది కానీ బీరుకు దొరకలేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ ముడి విడింది. 1979 ఫిబ్రవరి నుంచి, పెద్దమనిషి ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. 100 గ్యాలన్లు అంటే సుమారు 378 లీటర్లు. అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా కాయడానికి ఆ చట్టం అనుమతి ఇయ్యలేదు. అది కేంద్ర చట్టం. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంట వచ్చినయ్. చివరగా అలబామా, మిసిసిపీ 2013లో ఒప్పుకున్నయ్. చట్టం మారడం అంటే అక్కడ కూడా ఒక్క రోజు పని కాలేదు.

1978లోనే కొలరాడోలోని బౌల్డర్ అనే ఊర్లో చార్లీ పపాజియన్ అనే బడిపంతులు, తన దోస్తు చార్లీ మాట్జెన్‌తో కలిసి అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టిండు. మరుసటి ఏడాది జాతీయ పోటీ మొదలైంది. తీర్పు చెప్పేవాళ్లకు శిక్షణ, పరీక్ష ఉండాలని 1985లో బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వచ్చింది. పొట్టిగా బీజేసీపీ అంటరు.

పోటీకి పంపుడు ఎట్లనంటే, ముందు పేరు నమోదు చేసుకుని, తమ బీరు ఏ రకం కిందికి వస్తదో చెప్పి, ఫీజు కట్టాలె. రకాల పుస్తకం ముందే అందరికీ అందుబాటులో ఉంటది. ఒక్కో రకానికి రంగు ఎట్లుండాలె, చేదు ఎంత, వాసన ఏంది, అన్నీ రాసి ఉంటయ్. సీసా మీద లేబుల్ ఉండొద్దు. చెక్కిన అక్షరాలు, బొమ్మలు ఉండొద్దు. మూత మీద ఏదన్నా అచ్చు ఉంటే నల్ల మార్కర్‌తో పూసేయాలె. వివరాల చీటీని జిగురుతో అంటించకుండా రబ్బరు బ్యాండుతో కట్టాలె, ఎందుకంటే అక్కడికి చేరినంక దాన్ని తీసేసి ఒక నంబరు ఇస్తరు. అప్పటి నుంచి అది ఎవరి బీరో జడ్జికి తెల్వదు. నంబరే దాని పేరు.

పోటీ రోజు సీసాలు ఉన్న గది వేరు, జడ్జీల గది వేరు. నడుమ సీసాలు అందించేవాళ్లను స్టీవార్డులు అంటరు. ఒక్కో బల్ల దగ్గర కనీసం ఇద్దరు జడ్జీలు. తను బీరు పంపిన రకానికి జడ్జి తీర్పు చెప్పకూడదు. అత్తరు పూసుకుని రాకూడదు. నాలుక కడుక్కునేందుకు నీళ్లు, ఉప్పు తక్కువున్న బిస్కెట్లో రొట్టె ముక్కలో పెడతరు. గ్లాసులో పోయంగనే ముందు వాసన చూస్తరు, అది తొందరగా ఎగిరిపోతది కనుక. తర్వాత రంగు, నురగ. తర్వాత రుచి. ఇద్దరూ రాసుడు అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడరు. పక్కాయన మొఖం చూసి మార్కు వేయకూడదని.

మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఎట్ల అనిపించిందన్నదానికి 5, మొత్తం మీద ఎట్లున్నదన్నదానికి 10. చూసే అందానికి మూడే మార్కులు, గమనించండి. రాసినంక ఇద్దరు జడ్జీల మార్కుల నడుమ తేడా 7 లోపు ఉండాలె. అంతకంటే ఎక్కువుంటే మళ్లీ రుచి చూసి, ఎందుకట్ల అనిపించిందో మాట్లాడుకుని దగ్గరికి రావాలె. పెద్దజడ్జి మాటే చెల్లుతదని కాదు, కారణం చెప్పగలిగిన మాట చెల్లుతది. చివరికి ఒక్కో రకంలో గెలిచిన వాటినన్నిటినీ ఒక్క బల్ల మీద పెట్టి, మార్కులు లేకుండా చర్చతోనే అన్నిట్లో మేటిని తేలుస్తరు.

గెలిచినా ఓడినా ఆ తీర్పు కాగితం పంపినవాళ్లకు తిరిగిపోతది. అందులో మార్కు ఒక్కటే రాస్తే సరిపోదు. ఏ వాసన వచ్చింది, అది ఎందుకు వచ్చి ఉంటది, మళ్లీసారి ఏం చేయాలె, అన్నీ రాయాలె. వెన్న వాసన వస్తే ఈస్ట్‌కు పని పూర్తి చేసే టైం ఇయ్యలేదని రాస్తరు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలిందని. ఉడకబెట్టిన మక్క కంకి వాసన వస్తే సరిగ్గా మరగబెట్టలేదని. ఆ మక్క కంకి ముచ్చట చదివినప్పుడు మేమంతా నవ్వుకున్నం. మోర్తాడ్ పిల్లలకు ఆ వాసన గుర్తు పట్టడానికి ఏ శిక్షణ అక్కర్లేదు.

ఈ జడ్జీలు ఎవరంటే మామూలు ఉద్యోగాలు చేసుకునేటోళ్లే. ముందు ఆన్‌లైన్ పరీక్ష. అది పాసైనంక 90 నిమిషాలల్ల 6 బీర్లకు తీర్పు కాగితాలు రాసే పరీక్ష. అవే బీర్లకు సీనియర్ జడ్జీలు రాసిన కాగితాలతో వీళ్లవి పోల్చి మార్కులు వేస్తరు. అంటే అక్కడ తీర్పు చెప్పేవాళ్లకు కూడా తీర్పు ఉంటది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఎండ తగిలిన బీరుకు వచ్చే చెడు వాసనకు వాళ్ల కాగితాల్లో రాసే పేరు "స్కంక్". అది అమెరికా అడవుల్లో తిరిగే ఒక జంతువు, భయపడితే కంపు చిమ్ముతది. మనమెవరం దాన్ని చూడలేదు. ఇంకో వాసనకు "గుర్రం మీద కప్పే దుప్పటి" అని పేరు. కొలత ఎంత న్యాయంగా ఉన్నా, కొలతలోని మాటలు ఎవరి ఊరివో వాళ్ల వస్తువుకే బాగా సరిపోతయ్. మన వస్తువు ఆ బల్ల మీదికి పోతే దాన్ని చెప్పడానికి మాటే ఉండదు. మాట లేనిదానికి మార్కు ఎట్ల పడతది?

దీనికి కొందరు దారి చూపిన్రు. అర్జెంటీనాలో ఇంటి బీరు మొదలుపెట్టినోళ్లకు రకరకాల సరుకు దొరకలేదు. ఒక రకం మాల్ట్, ఒక రకం హాప్స్ పువ్వు, ఒక రకం ఈస్ట్, అంతే. దానితో చేసిన బీరుకు దొరాదా పాంపియానా అని పేరు పెట్టి, లక్షణాలు రాసుకున్నరు. బ్రెజిల్‌లోని శాంతా కతరీనా రాష్ట్రంవాళ్లు పండ్లు వేసి చేసే పుల్లటి గోధుమ బీరుకు కతరీనా సోర్ అని పేరు పెట్టిన్రు. బీజేసీపీ 2021 పుస్తకంలో ఈ రెండూ స్థానిక రకాలుగా ఉన్నయ్. లేమిలోంచి పుట్టినదాన్ని తక్కువరకం అనకుండా, ఇది ఒక రకం, దీని లెక్క ఇది అని ముందు వాళ్లే రాసుకున్నరు.

మన దగ్గర చూడుండ్రి. ఆదిలాబాద్ దిక్కు గోండు, కొలాం అన్నలకు ఇప్పపువ్వు తిండి, పూజ, మందు, అన్నీ. బయట దానికి తెలిసిన పేరు సారా, తెలిసిన కాగితం కేసు కాగితం. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద గ్రామసభకు అధికారం ఉండాలని 1996 పెసా చట్టం చెప్తది. మా మోర్తాడ్ షెడ్యూల్డు ప్రాంతంలో లేదు, కాబట్టి ఆ చట్టం మా తండాలకు వర్తించదు. వేరే రాష్ట్రాల్లో పరిస్థితి కొంత మారింది. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా పెట్టి ఆదివాసీ సంఘాల చేత చేయిస్తున్నది. తాగుడు పెరగాలని మేము ఇది చెప్తలేం. భౌగోళిక గుర్తింపుకు దరఖాస్తు పెట్టాలంటే వస్తువు ఏంది, ఎక్కడిది, ఎట్ల చేస్తరు అన్నది రాసియ్యాలె. ఆ రాత ఎవరో ఒకరు రాస్తరు. మనం రాయకపోతే మన యాడీల చేతి పని గురించి వేరేటోళ్లు రాస్తరు.

అందుకే మా ఆలోచన ఇది. మత్తు లేనిదానితో మొదలుపెడదాం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికో, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికో ప్రతి హాస్టల్‌లో జొన్నరొట్టె పోటీ పెట్టుకుందాం. ఇప్పపువ్వు దొరికే దిక్కు ఇప్పలడ్డు పోటీ. పద్ధతి మాత్రం ఇదే:

1. పళ్లెం మీద పేరు ఉండొద్దు, నంబరే. పళ్లాలు తెచ్చేవాళ్లు వేరు, తీర్పు చెప్పేవాళ్లు వేరు.
2. ఒక్కో బల్లకు ఇద్దరు. ఒక పెద్ద యాడి, ఒక విద్యార్థి. యాడి చెప్తది, విద్యార్థి తన మార్కు తను వేసుకుంట ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తడు. ఇద్దరి మార్కుల్లో తేడా ఎక్కువుంటే మాట్లాడుకోవాలె.
3. తన ఇంటి రొట్టె ఉన్న బల్లకు ఎవరూ కూర్చోవద్దు.
4. మొత్తం 50 మార్కులే, కానీ పంపకం మనది. రొట్టెకు మెత్తదనం ముఖ్యం, దానికి ఎక్కువ పెడదాం.
5. ప్రతి కాగితం మీద కారణం ఉండాలె. అంచు పగిలితే ఎందుకు, చేదొస్తే పిండి ఎన్ని రోజులదో, మళ్లీసారి ఏం చేయాలెనో. ఓడినవాళ్లకు కూడా ఆ కాగితం ఇయ్యాలె.

దీనికి మొదలు కావాల్సింది మాటలు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుందాం. నాయకపోడు, గోండు, కొలాం, కోయ దోస్తులు మీ మీ మాటల్లో రాయండి. మంచి రొట్టె వాసనను మీ ఇంట్లో ఏమంటరు? మాడితే ఏమంటరు? మాడక, ఉడకక నడుమల ఉంటే దానికి ఏం మాట? ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు యాడినో అవ్వనో పొయ్యి కాడ కూర్చుని అడిగి, ఒక్కొక్కరు కనీసం 10 మాటలు రాసుకు రండి. మేము మోర్తాడ్ దిక్కు తండాల మాటలు రాసుడు మొదలుపెట్టినం, ఇప్పటికి 23 అయినయ్. అన్నీ ఒక దగ్గరికి చేర్చినంక తీర్పు కాగితం నమూనా తయారుచేసి ఇక్కడే పెడతం.