వేరు కుంపట్లు

"ఒరే, ఇంతకూ నువ్వు చేసే ఉద్యోగం ఏమిటిరా?" అని అడిగాడు మా అన్నయ్య.

ఏళ్ళ తరబడి హైదరాబాదులో ఆ ఉద్యోగమే చేశాను. ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను. పండక్కీ పబ్బానికీ వచ్చి పోతున్నన్నాళ్ళూ ఒక్కనాడైనా అడగని మనిషి, 2020 మార్చిలో ఆఫీసులు మూతపడి నేను పెట్టే బేడాతో రావులపాలెం వచ్చి పడ్డాక అడిగాడు. తప్పు ఆయనది కాదు లెండి. పగలల్లా గది తలుపు వేసుకు కూర్చుని, అర్ధరాత్రి లేచి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడే తమ్ముణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం వేస్తుంది.

అన్నయ్య పనిలో దాపరికం లేదు. గౌతమి లంకలో అరటితోట. కర్పూరం, చక్కెరకేళి, బొంత గెలలు కోయించి మా ఊరి మార్కెట్ యార్డుకు వేయిస్తాడు. అక్కణ్ణుంచి అవి లారీలెక్కి ఒడిశాకూ, తమిళనాడుకూ పోతాయి. ఏనాడు గెల ఎంత పలికిందో ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నేను అమ్మే సరుకు మాత్రం కంటికి కనిపించదు.

"సర్వరని ఒక పెద్ద కంప్యూటరు ఉంటుందన్నయ్యా. దాన్ని ఇల్లనుకో. పూర్వం ఒక్కో ఇంట్లో ఒక్కో అద్దెదారుణ్ణే పెట్టేవాళ్ళు. ఇల్లేమో లంకంత, వాడు వాడుకునేది వసారా. మిగతాదంతా వృథా."

"మరి నలుగుర్ని పెట్టొచ్చుగా?"

"పెట్టారు. అదే స్థలంలో పునాదితో, కప్పుతో సహా వేరువేరు చిన్న ఇళ్ళు కట్టినట్టు చేశారు. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. పెద్ద కంప్యూటర్ల మీద ఐ.బి.ఎం. వారు 1972లోనే ఆ పని చేశారు. 1999లో వీఎంవేర్ వారు మన బల్లమీది కంప్యూటరులోకి తెచ్చారు. కానీ ఇంటింటికీ కప్పంటే ఖర్చు గదా. అందుకని మూడో దారి తొక్కారు. కప్పు ఒకటే. ఎవరి గది వారిది, ఎవరి వంట వారిది, ఒకరికొకరు కనపడరు."

అన్నయ్య తలెత్తి నాకేసి చూశాడు. "అంటే వేరు కుంపట్లన్నమాట!" అన్నాడు.

ఇన్నేళ్ళ నుంచీ నేను ఎవరికీ సరిగా చెప్పలేకపోయిన సంగతి, మా అన్నయ్య రెండు ముక్కల్లో తేల్చేశాడు. కంటైనరంటే అదే. కాకపోతే ఆ మాట ఆయన నోట వచ్చిన తీరు నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మా ఇంట్లోనూ అప్పటికి రెండు కుంపట్లే.

మాది మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోనే పడి, ఒకే తూము గుండా దొడ్లోకి పోతాయి. 2019లో నాన్నగారు పోయారు. మేము వచ్చిన నెల తిరక్కుండానే తూర్పు గదిలో మా ఆవిడ గ్యాసు పొయ్యి పెట్టుకుంది. దెబ్బలాట ఏమీ లేదు. వేళలు కుదరలేదు, అంతే అనుకున్నాను.

ఈ వేరు కుంపట్ల విద్యకు పెద్ద చరిత్రే ఉంది. 1979లో యునిక్స్ ఏడవ కూర్పులో చ్రూట్ అనే చిన్న ఏర్పాటు చేశారు. ఒక ప్రోగ్రాముకు ఒక గదిని చూపించి, నీ ప్రపంచమంతా ఇదేనని నమ్మించడం దాని పని. అయితే అది మరుగు పరచేది సామాన్లనే. పక్కగదిలో ఎవరున్నారో తెలుస్తూనే ఉంటుంది. 2000లో పోల్ హెన్నింగ్ క్యాంప్ అనే డెన్మార్కు దేశస్థుడు ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థలో మనుషులు కూడా కనపడకుండా గోడ బిగించి, దానికి జైలని పేరు పెట్టాడు. మరుసటేడు ఝాక్ జెలినా అనే ఆయన లైనక్సుకు వీసర్వర్ తయారు చేశాడు. మాస్కోలో ఇంజనీర్లున్న ఎస్‌డబ్ల్యూసాఫ్ట్ అనే కంపెనీ వర్చువోజో పేరిట ఇదే సరుకు అమ్ముకుంటూ, 2005లో దాని మూలాన్ని ఓపెన్‌వీజెడ్ అని అందరికీ ధారపోసింది.

అదుగో, నా అన్నం అక్కడ మొదలైంది. అప్పట్లో నేనొక చిన్న కంపెనీలో ఈ ఓపెన్‌వీజెడ్ సర్వర్లు కాపలా కాసేవాణ్ణి. ఒక్కో సర్వరులో అరవై మంది ఖాతాదారులు. ఎవరికి వారు ఇల్లంతా తమదేననుకుంటూ కాపురం చేసుకునేవారు.

ఓపెన్‌వీజెడ్‌లో ఒక పట్టిక ఉండేది. దాని పేరు బీన్‌కౌంటర్లు. అంటే చిక్కుడు గింజలు లెక్కపెట్టే పిసినారి గుమాస్తాలని ఇంగ్లీషువాళ్ళ వేళాకోళం. ఒక్కో కుంపటికి ఒక్కో పద్దు. ఇప్పుడెంత వాడుతున్నాడు, ఎన్నడైనా అత్యధికంగా ఎంత వాడాడు, ఎక్కడ హెచ్చరించాలి, ఎక్కడ ఆపాలి అని నాలుగు గడులు. చివర అయిదో గడి ఒకటి. అడిగినప్పుడు ఎన్నిసార్లు లేదన్నామో ఆ లెక్క అందులో పడుతుంది.

2007లో ఒక రాత్రి నా సర్వరొకటి కూలిపోయింది. బాగా డబ్బిచ్చే ఖాతాదారు ఒకడు తన పరిమితి చాలటం లేదంటే, పెద్దవాడు గదా అని నేనే హద్దు తీసేశాను. వాడి ప్రోగ్రాము పెరిగి పెరిగి ఉన్న మెమరీ అంతా మింగింది. మిగతా యాభై తొమ్మిది కుంపట్లూ చల్లారిపోయాయి. తెల్లారుతూనే ఊరగాయల వ్యాపారం చేసుకునే ఒకావిడ ఫోను చేసింది. "మేమేం పాపం చేశామండీ? పక్కవాడు తింటే మా పొయ్యి ఆరిపోవాలా?" అంది.

నాకు సమాధానం దొరకలేదు. ఆవిడ పెట్టుకున్న తర్వాత పట్టిక తీసి చూశాను. ఆవిడ పద్దులో అయిదో గడి కొన్ని వారాలుగా పెరుగుతూనే ఉంది. అడగడం, మేము లేదనడం, మళ్ళీ అడగడం. పెద్ద ఖాతాదారు పద్దులో అదే గడిలో సున్నా. రోజూ ఆ పట్టిక నా కళ్ళ ఎదుటే ఉండేది. చివరి గడి దాకా నా చూపు ఏనాడూ పోలేదు.

ఓపెన్‌వీజెడ్‌కు ఒక చిక్కుండేది. అది లైనక్సు అసలు కెర్నెల్లో భాగం కాదు. కెర్నెలంటే మన ఇంటి కప్పు. కొత్త కప్పు వచ్చినప్పుడల్లా ఈ గోడల్ని మళ్ళీ దానికి అతకాలి. అందుకని పెద్దలంతా కలిసి, ఈ గదుల ఏర్పాటును ముక్కముక్కగా కప్పులోనే పొదగడానికి పూనుకున్నారు. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ వంతుల లెక్క పని మొదలుపెట్టారు. అది సీగ్రూపులనే పేరుతో 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కూర్పులో చేరింది. ఐ.బి.ఎం. తరఫున బల్బీర్ సింగ్, ఓపెన్‌వీజెడ్ తరఫున పావెల్ ఎమెల్యానోవ్ కలిసి మెమరీకి కొలత కట్టారు. అది ఆ మరుసటి కూర్పులో చేరింది.

వంతుల సంగతి చెబుతూంటే అన్నయ్య నవ్వాడు. దాళ్వాకు గోదావరిలో నీరు చాలనప్పుడు మా కాలువలకు వంతులు వేస్తారు. లొల్ల లాకుల దగ్గర తలుపులు ఎత్తేదీ దించేదీ ఆ లెక్కనే. "ఎగువ వాడు తూము ఎత్తుకు కూర్చుంటే శివారు చేను ఎండిపోదుట్రా? ఇది కనిపెట్టడానికి అమెరికా దాకా పోవాలా?" అన్నాడు.

ఆ 2.6.24 కూర్పులోనే ఇంకొక చిత్రమైన ఏర్పాటు చేరింది. కంప్యూటరులో నడిచే ప్రతి పనికీ ఒక నంబరుంటుంది. ఒకటో నంబరంటే ఇంటి యజమాని. ఈ ఏర్పాటుతో ప్రతి గదిలోనూ ఒక ఒకటో నంబరు ఉంటుంది. లోపల వాడు యజమానే. బయటి నుంచి చూస్తే ఏ ఇరవై వేల చిల్లర నంబరో! దాన్ని రాసిన ఫైలు తెరిస్తే పైన ఇద్దరి పేర్లుంటాయి. ఒకరు పావెల్ ఎమెల్యానోవ్. రెండోవారు ఐ.బి.ఎం.కు చెందిన సుకదేవ్ భట్టిప్రోలు. మొదటిసారి ఆ పేరు చదివి నా కుర్చీలో నేనే నిటారుగా కూర్చున్నాను. ప్రపంచమంతా వాడుకునే కప్పు వాసాల మీద, మన కృష్ణా డెల్టాలో బౌద్ధ స్తూపమున్న ఊరి పేరు!

తక్కిన కథ చాలామందికి తెలిసిందే. 2008లోనే ఈ ముక్కల్ని ఒకచోట చేర్చి ఎల్ఎక్స్‌సీ వచ్చింది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అనే ఆయన అమెరికాలో ఒక సభలో అయిదు నిమిషాలు మాట్లాడి డాకరును చూపించాడు. గదిలోకి కావలసిన సరంజామా అంతా ఒక మూటగా కట్టి, ఏ ఊళ్ళో విప్పినా అదే కాపురం నడిచేలా చేయడం అందులోని కిటుకు. 1956లో మాల్కమ్ మెక్లీన్ 58 ఇనుప పెట్టెల్ని ఓడకెక్కించి సరుకు రవాణా తీరే మార్చాడు గదా, కంటైనరన్న పేరుకు పోలిక అదే. మరుసటేడు, వారానికి 200 కోట్ల కంటైనర్లు తాము నడుపుతున్నామని గూగుల్ వారు ప్రకటించారు.

ఒకే కప్పు కావడంలో భయమూ ఉంది. 2016లో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. తొమ్మిదేళ్ళుగా కప్పులోనే ఉన్న చిల్లు అది. ఆ చిల్లు గుండా ఒక గదిలోవాడు ఇల్లంతా చుట్టబెట్టవచ్చు. గదికి ఎంత గట్టి తాళం వేసుకుంటే మాత్రం ఏం లాభం? కప్పును అందరూ కలిసి కాచుకోవలసిందే.

ఇవన్నీ తెలిసినవాణ్ణి గదా, మా ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం నాకు తెలియలేదు. 2021 వేసవిలో బోరు మోటారు కాలిపోయింది. కరెంటు బిల్లు మూడింతలైంది. ఒకనాటి పొద్దున లేచేసరికి మేస్త్రి మండువాకు అడ్డంగా తాడు పట్టి కొలుస్తున్నాడు. దొడ్లో ఇటుకలు దిగాయి.

"గోడ పెట్టేస్తే ఎవరి సుఖం వాళ్ళది," అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా.

గోడ పెడితే తూము ఒక వైపే ఉండిపోతుంది. రెండో వైపు వాన నీళ్ళు గుమ్మంలోకి వస్తాయి. దూలమేమో ఒకటే. ఇదంతా వాదించాను. ఆయన మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతూంటే ఊరగాయలావిడ జ్ఞాపకం వచ్చింది.

మర్నాడు వదిన పెరట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "వదినా, మీరు అడిగితే మేము లేదన్నవి ఎన్ని?" అన్నాను.

ఆవిడ నాకేసి చాలాసేపు చూసింది. "ఇప్పుడెందుకు లెండి మరిదిగారూ," అంది. అని, చెప్పింది. మా బట్టల మిషను నడిచిన రోజుల్లో ట్యాంకులో నీళ్ళు లేక ఆవిడ బిందెలు మోసిన సంగతి మొదట చెప్పింది. తర్వాత మెల్లగా వెనక్కి పోయింది. నాన్నగారు మంచాన ఉన్నప్పుడు మందులకు సర్దమని అన్నయ్య మూడుసార్లు ఫోను చేశాడట. మూడుసార్లూ నేను వచ్చే నెల చూద్దామన్నానట. నాలుగోసారి చేయబోతే నాన్నగారే వద్దన్నారట. ఆ డబ్బు కోసం ఆవిడ గాజులు తాకట్టుకు పోయాయట.

నాకు ఆ ఫోన్లు జ్ఞాపకం లేవు. ఒట్టు. హద్దులు కట్టి, లెక్కలు రాసి బతికినవాణ్ణి. నా ఇంటి పట్టికలో చివరి గడి వదిన ఒక్కతే రాసుకుంటూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య దగ్గర కూర్చున్నాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. కరెంటాఫీసుకు దరఖాస్తు పెట్టి రెండో మీటరు వేయించుకున్నాం. ట్యాంకులు రెండు, మోటారు ఒకటి. పొద్దుట వాళ్ళ వంతు, సాయంత్రం మాది. పైకప్పు పెంకులు సర్దించే ఖర్చు సగం సగం. గాజులు విడిపించి తెస్తే వదిన పుచ్చుకోలేదు. మా అమ్మాయి పెళ్ళికి పెట్టమంది. మీ చేతికే ఉండాలని మా ఆవిడ పట్టుబట్టి తొడిగింది.

మండువా స్తంభానికి ఒక పుస్తకం వేలాడదీశాం. కరెంటూ, నీళ్ళూ, పెంకుల ఖర్చూ అందులో ఉంటాయి. చివర ఒక గడి గీసి ఏమీ పేరు పెట్టకుండా వదిలేశాను. అదేమిటని అన్నయ్య ఇంతవరకూ అడగలేదు. ఇద్దరాడవాళ్ళకీ మాత్రం తెలుసు.

కుంపట్లు ఇప్పటికీ రెండే. గోడ సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాడు అన్నయ్య. ఆ మాట అని చాలా ఏళ్ళే అయింది. ఇటుకలు దొడ్లోనే ఉన్నాయి. వాటి మీదికి వదిన ఆనపపాదు పాకించింది. కాపు బాగానే ఉంది. కాయ దిగితే సగం కోసి తూర్పు గదికి పంపుతుంది.