చెవికి గ్రుచ్చుకొను పాట

ఇంటిలో ధ్వని చెడినప్పుడు మనము మొదట యంత్రమును శంకింతుము. మేమును అట్లే చేసితిమి.

మా తండ్రిగారు 1978వ సంవత్సరమున కువైటునుండి వచ్చుచు ఒక స్టీరియోను, రెండు పెద్ద స్పీకరు పెట్టెలను తెచ్చిరి. నాటినుండి ప్రతిదినము సాయంకాలమున ఘంటసాలవారి పాటలు వినుట వారికి అలవాటు. గత వేసవిలో ఆ పాటలు మా చెవులకు సూదులవలె గ్రుచ్చుకొనసాగెను. శ, ష, స లను ఊష్మాక్షరములు వచ్చినప్పుడెల్ల పాము బుసకొట్టినట్లుండెడిది. మా తల్లిగారు వంటయింటి తలుపు మూసికొనుచుండిరి. తండ్రిగారు మాత్రము "నాకు బాగుగనే యున్నది" అనుచుండిరి.

స్పీకరు పెట్టెలో పెద్దదియగు ఊఫరు మంద్రధ్వనులను, చిన్నదియగు ట్వీటరు తారధ్వనులను పలుకును. ఎవరి పాలు వారికి పంచి యిచ్చునది క్రాసోవరు. దోషమెచ్చటనో తెలియుటకు, ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెనను నియమము పెట్టుకొంటిమి.

మొదట కుడియెడమల తీగలను తారుమారు చేసితిమి. కర్కశత్వము రెండు పెట్టెలలోను సమానముగనే యుండెను. కావున ఏదో యొక ట్వీటరు చెడినదని చెప్పుటకు వీలులేకపోయెను. పిదప రికార్డును ఆపి రేడియో పెట్టితిమి, అదియు గ్రుచ్చుకొనెను. కావున రికార్డుపై నడచు ముల్లు నిర్దోషి. గది నడుమ నిలిచి చప్పట్లు చరచితిమి. నున్నని రాతినేల, బోసిగోడలు ఖంగున బదులు పలికెను. నేలపై జంపఖానా పరచి, కిటికీలకు తెరలు కట్టగా వాడి కొంత తగ్గెను గాని పోలేదు. ఆంప్లిఫయరు మీది ట్రెబుల్ మర నడిమినే యుండెను. ఊఫరు చుట్టునున్న అంచు శిథిలమైనచో మంద్రము సన్నగిల్లి తారము హెచ్చినట్లు తోచును. మా పెట్టెలలో అది గుడ్డతో చేసినది గనుక చెక్కుచెదరలేదు.

ఇక మిగిలినవి క్రాసోవరులోని కెపాసిటర్లు. ఏండ్లు గడచినకొలది వానిలోని ద్రవము ఎండిపోవుట సహజము. కాని ట్వీటరు దారిలోనివి ఎండినప్పుడు ధ్వని సాధారణముగా మొద్దుబారును; వాడి హెచ్చుట యరుదు. అయినను చూతమని కరెంటు తీసివేసి, పెట్టెలను గోడనుండి ఈవలకు జరిపితిమి. వెనుకవైపున ట్వీటరు ధ్వనిని హెచ్చించుటకును తగ్గించుటకును ఒక్కొక్క మర గలదు. రెండును కొసవరకు త్రిప్పబడి యుండెను. వానిపై దుమ్ము లేదు.

తండ్రిగారి నడిగితిమి. వారు కొంతసేపు మాటాడలేదు. పిదప మెల్లగా ఇట్లనిరి: "రెండేండ్లనుండి పాటలో రాగము వినబడును గాని అక్షరము తెలియుట లేదు నాయనా. చెప్పినచో చెవిటివాడనైతినని జాలిపడుదురని నేనే త్రిప్పితిని."

మాకు తల వాలిపోయెను. పదునైదు దినములు తీగలను, గోడలను, ముల్లును పరీక్షించితిమి. ఎదుట కూర్చుండి వినుచున్న మనుష్యుని ఒక్కమాట యడుగలేదు. వార్ధక్యమున సాధారణముగా తారధ్వనులే మొదట వినికిడికి దూరమగును. హల్లుల స్పష్టతకు అవియే ముఖ్యాధారము. మేము స్పీకరు దోషమని తలచినది వారి చెవి పడిన పాటు.

చెవి వైద్యులు పరీక్షించి, సెకనునకు 2,000 కంపనములకు పైబడిన ధ్వనులు వారికి మిక్కిలి తక్కువగా వినబడుచున్నవని చెప్పి, శ్రవణయంత్రము నిచ్చిరి. అది పెట్టుకొనిననాడు మరలను నడిమికి త్రిప్పి పాట పెట్టితిమి. పూర్వమువలె సమస్తమును వినబడుట లేదని వారు దాచక చెప్పిరి. పల్లవిలోని మాటలు మాత్రము తెలిసినవనిరి. వంటయింటి తలుపు తెరచుకొనెను.

విద్యార్థులారా, మీ యింటిలోని పెద్దలు టెలివిజను ధ్వనిని నానాటికి హెచ్చించుచున్నను, మాటను మరల చెప్పుమనుచున్నను విసుగుకొనకుడు. యంత్రమును విప్పుటకు ముందు వారి ప్రక్కను కూర్చుండి, ఎట్లు వినబడుచున్నదని యడుగుడు. ఆ ప్రశ్నకు పనిముట్లతో పనిలేదు. మేము దానిని అన్నిటికంటె కడపట అడిగితిమి.